తాళి కట్టే ఫొటో చీకటైపోతే?

ముహూర్తం తెల్లవారుజామున 4 గంటలకు. సరిగ్గా తాళి కట్టే క్షణంలో ఫ్లాష్ వెలగలేదు. ఫొటో అయితే పడింది గానీ పెళ్లికూతురి ముఖం చీకట్లో కలిసిపోయింది. మళ్లీ తీద్దామంటే కుదిరే పని కాదు. ఆ ఫైల్ మీ చేతికి వస్తే ఏం చేస్తారు?

ఫొటో ఎడిటర్ ఉద్యోగానికి వెళ్తే ఇలాంటి ఫొటోనే ముందు పెట్టి చేసి చూపించమనొచ్చు. కొత్తవాళ్ల చెయ్యి నేరుగా బ్రైట్‌నెస్ మీదికి పోతుంది. దాన్ని బాగా పెంచితే నల్లగా ఉండాల్సిన జుట్టు, నీడలు కూడా తేలిపోయి బూడిద పూసినట్టు కనిపిస్తాయి. పక్కన నిలబడి చూసేవాళ్లకు మీకు పని వచ్చో రాదో అక్కడే తెలిసిపోతుంది.

ముందు లెవెల్స్ తెరవండి. ఫొటోషాప్‌లో కంట్రోల్, ఎల్ నొక్కితే చాలు. జింప్‌లో కలర్స్ మెనూలో ఉంటుంది. అందులో కొండలా కనిపించేదే హిస్టోగ్రామ్. ఎడమ చివర 0 అంటే కటిక నలుపు, కుడి చివర 255 అంటే తెల్లటి తెలుపు. చీకటి ఫొటోలో కొండంతా ఎడమవైపే పోగుపడి, కుడివైపు ఖాళీగా ఉంటుంది. కుడి స్లైడర్‌ను కొండ ముగిసే చోటిదాకా లాక్కురండి. తర్వాత మధ్య స్లైడర్‌ను కొద్దికొద్దిగా ఎడమకు జరపండి. నలుపు నలుపుగానే ఉండి ముఖం బయటకు వస్తుంది. ఈ పనంతా అసలు ఫొటో మీద కాకుండా కాపీ లేయర్ మీదే చేయండి.

హోమం మంటో, దీపమో ఫొటోలో ఉంటే ఇది కుదరదు. అవి ముందే తెల్లగా ఉంటాయి కాబట్టి కొండ కుడి చివరిదాకా పాకి ఉంటుంది. అప్పుడు లేయర్‌ను డూప్లికేట్ చేసి, మోడ్‌ను ‘స్క్రీన్’కు మార్చండి. ఫొటో మొత్తం వెలుగొస్తుంది. లేయర్ మాస్క్ పెట్టి మంట ఉన్నచోట మెత్తటి నల్ల బ్రష్ తిప్పితే, అక్కడ పాత వెలుగే మిగులుతుంది.

ఇక్కడో మాట. వెలుగు తేవడం వేరు, పెళ్లికూతుర్ని తెల్లగా చేయడం వేరు. చామనఛాయ అమ్మాయి ఆల్బమ్‌లోనూ చామనఛాయగానే ఉండాలి. పగటి వెలుగులో తీసిన ఆమె ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని రంగు సరిచూసుకోండి.

ఏ ఫైల్ ఇచ్చారన్నది కూడా అడగండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. కొండ 80 దగ్గరే ఆగిపోతే, ఆ 80 మెట్లనే 255 దాకా సాగదీయాలి. అందుకే గోడలాంటి నున్నటి చోట్ల చారలు తేలతాయి. 14 బిట్ల రా ఫైల్‌లో అవే 16,384 మెట్లు. చాలా ఎక్కువ లాగొచ్చు. రా ఫైళ్లకు డార్క్‌టేబుల్ ఉచితంగా దొరుకుతుంది. 1996 నుంచి ఉన్న జింప్ కూడా ఉచితమే. ఫొటోషాప్‌కు నెలనెలా కట్టలేమని ఆగిపోనక్కర్లేదు.

వెలుగు పెంచాక నీడల్లో ఎర్రవి, పచ్చవి చుక్కలు కనిపిస్తాయి. అదే నాయిస్. 100 శాతం జూమ్‌లో పెట్టి, రంగు చుక్కలను మాత్రమే తగ్గించండి. మరీ నున్నగా చేస్తే పట్టుచీర నేత పోయి ప్లాస్టిక్‌లా తయారవుతుంది. ఇక పూర్తిగా 0 దగ్గర ఆగిపోయిన చోట లాగడానికి ఏమీ మిగలదు. ఆ సంగతి ప్రింటుకు వెళ్లకముందే స్టూడియో యజమానికి చెప్పేయండి.