ఖాళీ లేని గదులు

నెల్లూరు తీరంలో ఇందుకూరుపేట నుంచి ముత్తుకూరు దాకా రొయ్యల గుంటల గట్ల మీద, మేత బస్తాల పక్కన తెల్లటి పొడి బస్తాలు కనిపిస్తుంటాయి. ఆ పొడి పేరు జియోలైట్. నీళ్లలో అమ్మోనియా పెరిగిందని తెలియగానే రైతు దాన్ని చల్లిస్తాడు. ఈ రాతిపొడి నిండా సూక్ష్మరంధ్రాలు ఉంటాయని, అవి అమ్మోనియాను పీల్చేస్తాయని నమ్మకం. రంధ్రాలున్న మాట నిజమే. మంచినీళ్లలో అమ్మోనియాను పట్టడమూ నిజమే. కానీ ఎకరానికి ఒకటి రెండు బస్తాలు చల్లితే ఉప్పునీటి గుంటలో ఆ పని జరగదని నా వాదన. అది రాయి తప్పు కాదు. ఆ రంధ్రాన్ని మనం ఖాళీ గదిగా ఊహించుకోవడంలోనే పొరపాటుంది.

జియోలైట్‌కు ఆ పేరు 1756లో వచ్చింది. స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త ఆక్సెల్ క్రోన్‌స్టెట్ ఒక ఖనిజాన్ని మంటలో పెడితే అది ఆవిరి వదులుతూ పొంగింది. గ్రీకులో ‘మరిగే రాయి’ అనే అర్థం వచ్చేలా ఆయన దానికి పేరు పెట్టాడు. మన పుణె, నాసిక్ వైపు నల్లరాతి క్వారీల్లోనూ ఇలాంటి ఖనిజాలు దండిగా దొరుకుతాయి. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు పంజరంలా అల్లుకున్న నిర్మాణం ఇది. సిలికాన్ ఉండవలసిన చోట అల్యూమినియం వచ్చి కూర్చున్నప్పుడల్లా అల్లికకు ఒక రుణావేశం మిగులుతుంది. దాన్ని సరిచేయడానికి సోడియమో, పొటాషియమో, కాల్షియమో, ఏదో ఒక ధనావేశ అయాన్ లోపల ఉండి తీరాలి. నీటిని వెళ్లగొట్టవచ్చు గానీ ఆ అయాన్‌ను ఊరికే వెళ్లగొట్టలేం. అంటే ఈ గదుల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు కాపురం ఉంటూనే ఉంటారు. కొత్తవాళ్లు దిగాలంటే పాతవాళ్లు ఖాళీ చేయాలి.

రసాయన పరిశ్రమ ఈ సంగతిని బాగా వంటబట్టించుకుంది. 1940లలో బ్రిటన్‌లో రిచర్డ్ బ్యారర్ ప్రయోగశాలలో జియోలైట్లను తయారుచేసే దారి వేశాడు. 1949లో అమెరికాలోని యూనియన్ కార్బైడ్‌లో రాబర్ట్ మిల్టన్ ప్రకృతిలో లేని రకాలను కూడా సృష్టించాడు. 1962 నుంచి ముడిచమురులోని పెద్ద అణువులను విరగ్గొట్టి పెట్రోలు తీసే పనిలో ఇవి ఉత్ప్రేరకాలుగా కుదురుకున్నాయి. అక్కడ జియోలైట్‌ను పనికి సిద్ధం చేసే తీరు మన గుంట విషయానికి నేరుగా సంబంధించినది. సోడియం ఉన్న జియోలైట్‌ను చిక్కటి అమ్మోనియం (అమ్మోనియాకు ధనావేశ అయాన్ రూపం) ఉప్పు ద్రావణంలో మళ్లీ మళ్లీ కడుగుతారు. అమ్మోనియం గుంపుగా వచ్చి సోడియాన్ని బయటికి నెడుతుంది. తరువాత వేడిచేస్తే అమ్మోనియా ఎగిరిపోయి, హైడ్రోజన్ అయాన్ మిగిలి, ఆ గది ఆమ్లంగా పనిచేస్తుంది. అక్కడ అమ్మోనియం గెలవడానికి కారణం బలం కాదు, సంఖ్య.

ఇప్పుడు గుంటలోకి వద్దాం. సముద్రపు నీటి లీటరులో సుమారు 10.8 గ్రాముల సోడియం ఉంటుంది. 15 పీపీటీ సెలినిటీ (వెయ్యి పాళ్ల నీటిలో 15 పాళ్ల ఉప్పు) ఉన్న గుంటలో అది దాదాపు 4.6 గ్రాములు. రైతును కంగారుపెట్టే అమ్మోనియా నత్రజని లీటరుకు ఒక మిల్లీగ్రాము అనుకుందాం. అంటే బరువులో ఒకటికి నాలుగు వేలకు పైగా పోటీ. పొడుల్లో విరివిగా వాడే క్లైనోప్టిలోలైట్ రకానికి సోడియం కంటే అమ్మోనియం మీదే మక్కువ ఎక్కువ. కానీ అమ్మోనియం కన్నా పొటాషియం మీద మరింత మక్కువ. అదే నీటి లీటరులో పొటాషియం సుమారు 170 మిల్లీగ్రాములు. అమ్మోనియం నింపుకున్న జియోలైట్‌ను శుద్ధి చేసి మళ్లీ వాడాలంటే ఇంజినీర్లు ఏం చేస్తారో చూడండి: ఉప్పునీటితో కడుగుతారు. మన గుంట నిండా ఉన్నది ఆ ఉప్పునీరే.

ఉప్పు సంగతి కాసేపు పక్కన పెట్టి లెక్క వేసినా చిక్కే. ఎకరం గుంటలో నాలుగడుగుల లోతున సుమారు 50 లక్షల లీటర్ల నీళ్లుంటాయి. లీటరుకు మిల్లీగ్రాము చొప్పున అది 5 కిలోల నత్రజని. మంచి క్లైనోప్టిలోలైట్ తన గదులన్నీ అమ్మోనియానికే ఇచ్చేసినా గ్రాముకు దాదాపు 28 మిల్లీగ్రాముల నత్రజనిని పట్టగలదు. 25 కిలోల బస్తా మొత్తం కలిపి 700 గ్రాములు. పోటీయే లేని స్వచ్ఛమైన నీటిలో కూడా ఏడో వంతు.

చల్లిన మర్నాడు నీళ్లు తేరుకున్నాయి కదా అని రైతులు అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే గుంటను రోజూ కళ్లారా చూసేది వాళ్లే. కానీ అమ్మోనియా పెరిగినరోజు రైతు ఒక్క జియోలైట్‌తో ఆగడు. మేత తగ్గిస్తాడు, ఏరియేటర్లు ఎక్కువసేపు తిప్పుతాడు, వీలుంటే నీరు మారుస్తాడు. ఈలోగా నీటిలోని ప్లాంక్టన్ కూడా అమ్మోనియాను తింటుంది. అసలు అమ్మోనియా వచ్చేదే మేతలోని మాంసకృత్తుల నుంచి కనుక, మేత తగ్గించడమే వీటన్నింటిలో పెద్ద మందు. రంధ్రాలు మేలుచేసే బ్యాక్టీరియాకు ఇళ్లవుతాయి కదా అన్నది ఇంకో వాదన. జియోలైట్ రంధ్రం ఒక నానోమీటరు లోపు, బ్యాక్టీరియా సుమారు వెయ్యి నానోమీటర్లు. అది గింజ పైన కూర్చోగలదు తప్ప లోపలికి దూరలేదు. పైన కూర్చోవడానికి ఇసుకైనా చాలు. బోరునీటితో, తక్కువ సెలినిటీలో సాగుచేసేవాళ్ల మాట కొంత వేరు. అక్కడ పోటీ తగ్గుతుంది కనుక రాయి మెరుగ్గానే పనిచేస్తుంది, కాకపోతే బస్తాల లెక్క అక్కడా వెంటాడుతుంది.

ఇదే పోటీని ఎదుర్కొని దారి వెతికిన పని మన హైదరాబాద్‌లో జరిగింది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో బోయపాటి మనోరంజన్ చౌదరి, మన్నేపల్లి లక్ష్మీకాంతం బృందం ఆస్మియం ఉత్ప్రేరకం మీద పనిచేసింది. ఔషధాలకు అవసరమైన కొన్ని అణువుల తయారీలో ఆస్మియంకు సాటి లేదు. కానీ దాని టెట్రాక్సైడ్ ఖరీదైనది, సులువుగా ఆవిరయ్యే విషం. వాడి పారబోయకుండా మళ్లీ వాడుకోవడానికి వాళ్లు ఆస్మియంను రుణావేశ అయాన్ రూపంలో పొరల హైడ్రాక్సైడ్‌లో బంధించారు. ఇది జియోలైట్‌కు తిరగేసిన బొమ్మ: దీని పొరలకు ధనావేశం, మధ్యలో ఉండేవి రుణావేశ అయాన్లు. ఒక రకం ఆక్సీకరణితో ఇది చక్కగా పనిచేసింది. ఆక్సీకరణిగా ఫెర్రిసయనైడ్ వాడితే మాత్రం చచ్చుబడింది. ఫెర్రిసయనైడ్ కూడా రుణావేశ అయానే, దానికీ పొరల మధ్య చోటు కావాలి. 2001లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వెలువడిన పత్రంలో వాళ్లు ఈ వైఫల్యాన్ని దాచలేదు. ఆస్మియంను మరింత గట్టిగా పట్టుకునేలా రెజిన్ మీద, సిలికా మీద కొత్త ఆధారాలను రూపొందించి చూపారు. ఆ పత్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ భాగమే. పదార్థం ఎంత గొప్పదన్న దగ్గర ఆగకుండా, ద్రావణంలో దాని చోటు కోసం ఇంకెవరు వస్తున్నారని వాళ్లు అడిగారు.

ఆ ప్రశ్నను గట్టు మీద అడగడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒకే గుంటలోని నీటిని రెండు 200 లీటర్ల డ్రమ్ముల్లో నింపి, ఒకదానిలో జియోలైట్ కలిపి, రెండోదాన్ని అలాగే వదిలి, మర్నాడు రెండింటిలోనూ అమ్మోనియాను కిట్‌తో కొలిస్తే చాలు. ప్లాంక్టన్, ఎండ, వేడి రెండింటికీ సమానం కనుక తేడా వస్తే అది రాయి వల్లే. మోతాదు మాత్రం గుంటలో వేసేదే ఉండాలి. 50 లక్షల లీటర్లకు 25 కిలోల బస్తా అంటే, డ్రమ్ముకు ఒక గ్రాము. చిటికెడు.