రాళ్లెక్కే జీపుకి ఎలాంటి ఇంజన్ కావాలి?

చాలామంది అడుగుతున్నారు, "అన్నా, ఆఫ్‌రోడ్‌కి ఎన్ని హార్స్‌పవర్ ఉండాలి?" అని.

నేనూ మొదట్లో అదే లెక్కలో పడ్డా. మా నాన్న పాత ఫోర్ బై ఫోర్ డీఐ జీపుకి పవర్ పెంచుదామని, పంపులో డీజిల్ ఎక్కువ పెట్టించా. మార్కాపురం దగ్గర పలకరాయి గుట్ట ఎక్కిస్తుంటే నల్లపొగ వచ్చింది గానీ బలం రాలేదు. రేడియేటర్ మరిగింది, హెడ్ గ్యాస్కెట్ పోయింది. నెల జీతం అయిపోయింది. "ఎద్దుకి పరుగు నేర్పినట్టుంది నీ పని" అన్నాడు నాన్న.

ఆయన మాటే కరెక్ట్. గాలి పెంచకుండా డీజిల్ పెంచితే అది పూర్తిగా కాలదు. పొగ, వేడి మాత్రం పెరుగుతాయి. పైగా రాళ్ల మీద బండి పాకుతుంటే రేడియేటర్‌కి ఎదురుగాలి ఉండదు, అంతా ఫ్యానే చూసుకోవాలి.

ఇక్కడ కావాల్సింది కింది ఆర్‌పీఎంలో టార్క్. జిప్సీ కింగ్‌కి 80 హార్స్‌పవర్, కానీ పూర్తి టార్క్ 4500 ఆర్‌పీఎం దగ్గర. 2010లో వచ్చిన థార్ డీఐకి 63 మాత్రమే, అయినా టార్క్ 1500 దగ్గరే దొరుకుతుంది.

మిగతా పని గేర్లది. ఫస్ట్ గేర్ 4, లో రేంజ్ 2.5, యాక్సిల్ 4 అనుకోండి. గుణిస్తే 40. ఇంజన్ 1000 తిరిగితే చక్రం 25 సార్లే తిరుగుతుంది. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లయితే గంటకి 3.3 కిలోమీటర్లు. మనిషి నడక కంటే నెమ్మది! జిప్సీ లాంటి తేలిక బండి కూడా రాళ్లెక్కేది ఈ లో రేంజ్ వల్లే.

అందుకే ముందు కంప్రెషన్, ఇంజెక్టర్లు, రేడియేటర్, ఫ్యాన్ చూపించండి. తర్వాత గేర్లు. పవర్ సంగతి చివర్లో.

ఇంకోమాట. గిద్దలూరు వైపు వెళ్తే, పర్మిషన్ లేకుండా నల్లమలలోకి బండి దింపొద్దు. అది పులుల అడవి. ఉంటా మరి.