గొంతు వెంట నడిచిన తీగ

మాండలిన్ శ్రీనివాస్ పేరు ఎత్తగానే మనవాళ్లు అనే మొదటి మాట ‘పుట్టుకతో వచ్చిన విద్య’. 1969లో పాలకొల్లులో పుట్టిన పిల్లవాడు 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశాడు. 1981లో, పన్నెండేళ్లకే, మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కాడు. అలాంటివాణ్ణి చూస్తే ఆ మాట నోటికి రావడం సహజమే. అయినా నాకది మింగుడుపడదు. పొగడ్తలా వినిపిస్తూనే అది ఆ చిన్నతనంలో పడిన కష్టాన్ని కప్పేస్తుంది. శ్రీనివాస్ వాద్యాన్ని ఇంకొక వాద్యం చూసి నేర్చుకోలేదు, గొంతు విని నేర్చుకున్నాడు. ఆయన తొలి విజయాలకు మూలం అక్కడుందని నా నమ్మకం.

ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చేతబట్టిన ఆ కుర్రాడికి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులాయన. మాండలిన్ వాయించడం ఆయనకు రాదు. అందుకని ఆయన పాడేవారు, పిల్లవాడు అది విని వాయించేవాడు. గురువు వాయించి చూపితే శిష్యుడి కళ్లు వేళ్ల మీదుంటాయి. గురువు పాడితే చూడటానికి వేళ్లే లేవు, చెవి ఒక్కటే దిక్కు. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలవదు, ఊగుతూనే ఉంటుంది. మాండలిన్‌కేమో లోహపు మెట్లు, వేలు ఎక్కడ పెడితే స్వరం అక్కడే బిగుసుకుంటుంది. పైగా మామూలు మాండలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు. గమకం కోసం పక్కకు లాగితే జంటలో రెండూ ఒక్కలా సాగాలి, లేదంటే అపశ్రుతే. మీటిన నాదం కూడా ఇట్టే ఆరిపోతుంది. అందుకే శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కు మారాడు. ఇప్పుడు ఒక్కసారి మీటితే నాదం నిలుస్తుంది. అది ఆరిపోయేలోగా ఎడమచేతి వేలు తీగ మీద జారుతూ, దాన్ని లాగి వదులుతూ, రెండు మూడు స్వరాలు పలికించవచ్చు.

అమెరికాలో బ్లూస్ గిటారిస్టులకూ ఎదురైన చిక్కు ఇదే. బ్లూస్ పాడేవాళ్ల గొంతులో కొన్ని స్వరాలు గిటారు మెట్లకు దొరకవు, రెండు మెట్ల మధ్య ఎక్కడో పలుకుతాయి. వాటి కోసం వాళ్లు తీగను పక్కకు వంచారు. మిసిసిపీ నుంచి 1943లో షికాగో చేరిన మడ్డీ వాటర్స్, క్లబ్బుల రొదలో వినపడటానికి ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. బి.బి. కింగ్ తన బంధువు బుక్కా వైట్ స్లైడ్‌తో తెప్పించే నాదాన్ని ఉత్త వేలితో రప్పించాలని చూసి, ఆ ప్రయత్నంలోనే తనదైన కంపనం సాధించాడు. 1989లో అదే కింగ్ కచేరీలకు ముందు వాయించిన గిటారిస్టు జో బోనమస్సాకు కూడా, మద్రాసు వేదికెక్కిన శ్రీనివాస్‌లాగే, పన్నెండేళ్లే.

బ్లూస్‌కూ కర్ణాటక సంగీతానికీ ముడేమిటని అడగవచ్చు. రాగనియమాలు వేరు, పన్నెండు బార్ల బ్లూస్ చట్రం వేరు, ఒప్పుకోవలసిందే. నేను పోల్చేది సంగీతాలను కాదు, మెట్లున్న తీగతో గొంతును పలికించాలన్న చేతి అవస్థను. కరెంటు వాద్యానికి శాస్త్రీయ వేదిక మీద చోటేమిటన్నది ఇంకో అభ్యంతరం. వయొలిన్ కూడా పరాయిదే. బాలుస్వామి దీక్షితులు రెండు శతాబ్దాల కిందట దాన్ని మనదిగా చేశారు. సుబ్బరాజు గారి దగ్గర నేర్చుకున్న ప్రతివాడూ శ్రీనివాస్ కాలేదుగా అన్నది అన్నిటికన్నా బలమైన ప్రశ్న. నిజమే, ఆ చెవి, ఆ వేళ్ల చురుకు అందరికీ ఉండవు. కానీ అంత చురుకైన వేళ్లకు వేగం ఒక్కటే అలవడి ఉంటే ఆ పిల్లవాడు ఒక వింతగా మిగిలిపోయేవాడు. అలా కాకుండా కాపాడింది గురువు పాటే. ఎన్టీఆర్ జిల్లా తిరువూరు లాంటి ఊళ్లలో ఈరోజు గిటారు కొన్న పిల్లలకు ఫోన్లో వీడియోలు వేళ్లను దగ్గరగా చూపిస్తాయి. ఎదుట కూర్చుని పాడి, తప్పు పలికితే ఆపి, మళ్లీ పాడే మనిషి కోసం మాత్రం వెతుక్కోవాలి.

తరవాతి రోజుల్లో శ్రీనివాస్ గారు రిమెంబర్ శక్తి బృందంలో జాన్ మెక్‌లాగ్లిన్ పక్కన కూర్చుని వాయించారు. చిన్నప్పుడు బ్లూస్ విని పెరిగిన ఆ ఇంగ్లండు గిటారిస్టు, 1970లలో, దానికి ముందటి శక్తి బృందం కోసం, ప్రత్యేకంగా ఒక గిటారు చేయించుకున్నారు. గమకం పలకడానికి తీగ లోతుగా వంగాలని, దాని మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించారు.