ఎడమ కాలికి సెలవు!

మన తెలుగు సినిమా హీరో గేరు మార్చగా మీరెప్పుడైనా చూశారా? బాగా గుర్తు తెచ్చుకోండి. ఎడమ చెయ్యి హీరోయిన్ భుజం మీద వుంటుంది. కుడి చెయ్యి స్టీరింగు మీద వుందో లేదో కూడా అనుమానమే! పల్లవి దగ్గర బయల్దేరిన కారు రెండు చరణాలూ, మధ్యలో వయొలిన్ల మోతా దాటుకుని వెళ్లేవరకూ ఒకటే వేగం. క్లచ్ లేదు, గేరు లేదు, పెట్రోలు బంకు అసలే లేదు.

కిటుకు మీకు తెలిసిందే. ఆ రోజుల్లో కారు దృశ్యాలు చాలావరకు స్టూడియో ఫ్లోరులోనే తీసేవారు. వెనక తెర మీద రోడ్డు పరుగెడుతూ వుంటుంది. బ్యాక్ ప్రొజెక్షన్ అంటారు దాన్ని. ముందు కారు మాత్రం కదలకుండా నిలబడి వుంటుంది. కెమెరాకి కనపడకుండా ఇద్దరు కుర్రాళ్లు బంపరు పట్టుకుని వూపుతూ వుంటారు. పాపం, అసలు డ్రైవర్లు వాళ్లే!

సరే, హీరోగారికి వూపేవాళ్లున్నారు. మన సంగతి?

సాయంత్రం ఆరున్నరకి అమీర్‌పేటలో బయల్దేరి యూసుఫ్‌గూడ మీదుగా కృష్ణానగర్ వెళ్లి చూడండి. దూరం నాలుగైదు కిలోమీటర్లకి మించదు. ఒకసారి మిత్రుడి పక్కన కూచుని, అతను ఎన్నిసార్లు క్లచ్ తొక్కుతాడో సరదాకి లెక్కపెట్టాను. నూట నలభై దాటాక లెక్క వదిలేశాను. దిగాక అతను ఎడమ మోకాలు పట్టుకుని, "ఇది కారా, కుట్టు మిషనా?" అన్నాడు.

ఈ బాధ లేని కార్లు ఇవాళ మధ్యతరగతివాళ్లకి అందే ధరలో వున్నాయి. క్లచ్ పెడలు లేని బుల్లి పెట్రోలు కార్లు. వీటిని "బద్ధకస్తుల బండి" అని ఎగతాళి చేసేవాళ్లు మన యువకుల్లో చాలామంది వున్నారు. నాకు మాత్రం వాటి విలువ వేరే చోట కనిపించింది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

నవ్విన నాపచేను

క్లచ్ లేని కారు కొత్త వింతేమీ కాదు. అమెరికాలో 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కారుకే 'హైడ్రామాటిక్' అనే ఆటోమేటిక్ గేరు పెట్టె వచ్చింది. అవి పడవలంత కార్లు, పెట్రోలు నీళ్లలా తాగేవి. చిన్న కారుకి ఆ యోగం పట్టించింది హాలండ్ దేశపు డాఫ్ కంపెనీ. 1958లో ఆంస్టర్‌డాం ప్రదర్శనలో డాఫ్ 600 అనే బుల్లి కారు పెట్టారు. ఇంజను 590 సి.సి., రెండే సిలిండర్లు. గేర్లకి బదులు రబ్బరు బెల్టులు, వాటికి పెద్దవీ చిన్నవీ అయ్యే కప్పీలు. తమాషా ఏమిటంటే ముందుకి ఎంత వేగంగా పోతుందో వెనక్కీ అంత వేగంగానే పోయేది. అది చూసి డచ్ టెలివిజన్ వాళ్లు తర్వాతి రోజుల్లో రివర్సులో కారు పందాలు పెట్టి జనాన్ని నవ్వించారు!

కారు ఎంత మంచిదైనా జనం దాన్ని "ముసలమ్మల కారు" అనే అన్నారు. ఆ కార్ల విభాగం 1975లో వోల్వో చేతికి పోయింది. కానీ నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా! ఇవాళ సి.వి.టి. పేరుతో ఎన్నో దేశాల కార్లలో వస్తున్న గేరు పెట్టెలకి ఆ డాఫ్ బెల్టే తాత.

మన దగ్గర మారుతి జెన్‌లో, హ్యుందాయ్ శాంత్రోలో, ఐ10లో ఆటోమేటిక్‌లు వచ్చాయి. అవి నూనెతో నిండిన టార్క్ కన్వర్టర్ రకం. మెత్తగా నడిచేవి గానీ ధర ఎక్కువ, మైలేజీ తక్కువ. మామూలువాళ్లు వాటివైపు చూడలేదు. కథ మలుపు తిరిగింది 2014 ఫిబ్రవరిలో. ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో జరిగిన ఆటో ఎక్స్‌పోలో మారుతి సెలెరియో విడుదలైంది. అందులో క్లచ్ లేని రకం ఢిల్లీ షోరూం ధర 4.29 లక్షల దగ్గర మొదలైంది. గేర్ల రకానికీ దీనికీ కంపెనీ చెప్పిన మైలేజీ ఒక్కటే, లీటరుకి 23.1 కిలోమీటర్లు. అందరూ నోరెళ్లబెట్టారు. ఆ ఏడాదే ఆల్టో కె10, 2015లో వ్యాగన్-ఆర్, టాటా నానో, 2016లో క్విడ్, 2017లో టియాగో ఆ దారి పట్టాయి. వీటిలో నానో తయారీ 2018లో ఆగిపోయింది.

ఎడమ కాలికి డూప్

ఇంత చౌకగా ఎలా ఇవ్వగలిగారు? సినిమా భాషలో చెబుతాను. మీ ఎడమ కాలికి డూప్ పెట్టారు!

గేరు పెట్టె పాతదే. పళ్ల చక్రాలు పాతవే. క్లచ్ పలక కూడా పాతదే. కాలితో క్లచ్ తొక్కి చేత్తో గేరు మార్చే ఆ పనిని మాత్రం ఒక చిన్న కంప్యూటరు, దాని మాట వినే మరచేతులు చేస్తాయి. దీన్ని ఎ.ఎం.టి. అంటారు. మారుతి వాళ్లు తమ కార్లలో ఎ.జి.ఎస్. అని పేరు పెట్టుకున్నారు. కొత్త గేరు పెట్టె అక్కర్లేదు కాబట్టే గేర్ల రకం మీద సుమారు అర లక్ష ఎక్కువతో సరిపోతోంది. దానికితోడు 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సి.సి. దాటని పెట్రోలు కార్ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

డూప్ ఎంత బాగా చేసినా క్లోజప్పులో దొరికిపోతాడు. ఈ డూప్ గేరు మార్చే క్షణంలో దొరికిపోతుంది. ఒకటో గేరు నుంచి రెండుకి వెళ్లేటప్పుడు కారు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, చిన్నగా తల వూపుతుంది. సరిగ్గా అక్కడ యాక్సిలరేటరు కొంచెం వదిలితే ఆ కుదుపు చాలావరకు తెలియదు. వారం రోజుల్లో పాదానికి అలవాటైపోతుంది.

"ఈ కారు నా కాలిని ఏమీ అడగలేదన్నా"

నాకు తెలిసిన డబ్బింగ్ ఆర్టిస్టు ఒకతను వున్నాడు. పేరెందుకు లెండి, గొంతు మాత్రం మీరందరూ విన్నదే! అరువు విలన్లకి మాంచి తెలుగు నేర్పిన గొంతు. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. పక్కన రెండు చక్రాలు తగిలించిన స్కూటరు మీద పదిహేనేళ్లు తిరిగాడు.

డబ్బింగ్ అంటే వేళాపాళా లేని పని. విడుదల తేదీ మెడ మీదికొస్తే రాత్రి పదకొండింటికి పిలుపొస్తుంది, వదిలేసరికి రెండు. ఒక వానాకాలం రాత్రి నీళ్లు నిలిచిన రోడ్డు మధ్య స్కూటరు ఆగిపోయింది. దిగి నెట్టలేడు. ఆ వేళప్పుడు పలికే నాథుడు లేడు. తెల్లవారేవరకు ఒక షాపు అరుగు మీద కూచున్నాడు. ఆ తర్వాత వానాకాలం వస్తే రాత్రి పనులు ఒప్పుకోవడం మానేశాడు. మానేస్తే ఈ పరిశ్రమ ఆగుతుందా? ఓ మంచి వేషం గొంతు ఇంకొకరికి పోయింది. ఆ ఇంకొకరికి తర్వాతి మూడు సినిమాలూ పోయాయి.

రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో క్లచ్ లేని చిన్న కారు కొన్నాడు. డాక్టరు సర్టిఫికెట్టు, డ్రైవింగు పరీక్ష అన్నీ అయి లైసెన్సు చేతికొచ్చాక నన్ను ఎక్కించుకుని యూసుఫ్‌గూడ చుట్టూ తిప్పాడు. కుడి కాలు ఒకసారి బ్రేకు మీదికి, ఒకసారి యాక్సిలరేటరు మీదికి. ఎడమ కాలు చాప మీద విశ్రాంతిగా వుంది.

"బావుంది తమ్ముడూ" అన్నాను.

"ఇన్నేళ్లూ ఎక్కడికెళ్లినా ముందు నా కాలు వంక చూసేవాళ్లు. ఈ కారు నా కాలిని ఏమీ అడగలేదన్నా" అన్నాడు.

మన దేశం పోలియో నుంచి బయటపడిందని 2014 మార్చి 27న ధ్రువీకరించారు. సెలెరియో వచ్చిన మరుసటి నెల! రెంటికీ ఏ సంబంధమూ లేదు గానీ, అంతకు ముందు ఆ జబ్బు పడి బతికినవాళ్లు ఇవాళ ముప్ఫై, నలభై, యాభై ఏళ్లవాళ్లుగా మన మధ్యే వున్నారు. కుడి కాలు గట్టిగా వున్నవాళ్లకి మార్పులేవీ చేయించకుండానే షోరూంలో కొన్న కారు పనికొస్తుందంటే అది చిన్న సంగతా?

"బద్ధకస్తుల బండి" అనే కుర్రాళ్లని ఒకసారి అతని పక్కన కూచోమనాలని వుంది నాకు.

ఫిలింనగర్ ఎత్తు

పొగడ్తలతో సరిపెడితే మీరు నన్ను ఏజంటు అనుకుంటారు. కాబట్టి ఎక్కడ జాగ్రత్త పడాలో కూడా చెబుతాను.

అతని కారు నేనే తీసుకుని ఓ ఆదివారం ఫిలింనగర్ ఎక్కాను. రామానాయుడు స్టూడియో వైపు ఎక్కే రోడ్డు సంగతి షూటింగులు చూడ్డానికి వెళ్లినవాళ్లకి తెలుసు. ఎత్తు మీద ఆగితే, బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటరు మీద పెట్టేలోగా బండి కాస్త వెనక్కి జారుతుంది. కొన్ని మోడళ్లలో హిల్ హోల్డ్ అని ఆ జారుడు ఆపే ఏర్పాటు వుంటుంది. కొనేముందు అడగండి. లేకపోతే హ్యాండ్ బ్రేకు వేసి, యాక్సిలరేటరు కొంచెం ఇచ్చి, బండి ముందుకి లాగుతున్నట్టు తెలిశాక వదలాలి. బ్రేకు వెయ్యకుండా యాక్సిలరేటరు అదిమి పట్టి ఎత్తు మీద నిలబెట్టడం మాత్రం మహాపాపం. లోపల క్లచ్ పలక రాసుకుని కాలిపోతుంది. పెడలు లేదు గానీ క్లచ్ వుందని మరిచిపోకూడదు!

గేర్ల బండి నుంచి మారినవాళ్లకి మొదటి రెండు రోజులూ ఇంకో గండం. అలవాటు కొద్దీ ఎడమ కాలు క్లచ్ కోసం వెతికి, దొరికిన బ్రేకుని దబ్బున తొక్కుతుంది. వెనకాల ఆటో వుందా, అంతే సంగతులు. ఎడమ పాదాన్ని వెనక్కి లాక్కుని కూచోండి. వీటిలో చాలావాటికి 'పి' అనే పార్కింగ్ గుర్తు వుండదు. గేరులో వుంచే ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వెయ్యాలి.

అన్నట్టు, బ్యాటరీ పడుకుంటే వీటిని నెట్టి స్టార్టు చెయ్యడం కుదరదు. ఆగిన హీరోయిన్ కారుని హీరో వచ్చి నెట్టే దృశ్యం మీద బతికిన రచయితలు కొత్త సీను ఆలోచించుకోక తప్పదు!

హైవే మీద లారీని దాటెయ్యాలనుకునేవాళ్లకి ఈ బండ్లు నచ్చవు. తొక్కిన తర్వాత ఒక క్షణం ఆలోచించి గానీ గేరు దించవు. ఎక్కువ దూరాలు వెళ్లేవాళ్లు వేరే కారు చూసుకోండి. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర రోజూ ఇరుక్కునేవాళ్లకి నా ఓటు దీనికే.

డబ్బింగ్ మిత్రుడి కారు చూశాక కాస్ట్యూమ్స్‌లో పనిచేసే ఒకావిడ నన్ను పట్టుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి బట్టల మూటలతో లొకేషన్‌లో వుండాలి. ఆ వేళకి ఆటోవాళ్లు అడిగే రేటు ఆమె రోజు కూలిలో పెద్ద ముక్క. "నాకు గేర్లు రావు, నేర్పేవాళ్లకి ఓపిక లేదు. రెండున్నర, మూడు లక్షల్లో ఒకటి చూసిపెట్టండన్నా" అంది.

మొన్న ఒకటి చూశాం. రంగు బావుంది, సీట్లు బావున్నాయి, అమ్మేవాడి మాటలు ఇంకా బావున్నాయి. ఫ్లైఓవర్ ఎక్కిద్దాం అన్నాను. అక్కడ ఇంజను మోత పెరుగుతోంది గానీ వేగం పెరగలేదు. క్లచ్ అరిగిపోయింది. వద్దన్నాను. ఈ ఆదివారం మూసాపేటలో ఇంకొకటి చూడాలి.