ఉద్యోగం – ఉన్నతి

ఏ ఇంట పుట్టాలో నిర్ణయించుకోవడం ఎవరి చేతిలోనూ లేదు. కాని ఎంత ఎదగగలమన్నది చాలవరకు లభించే అవకాశాలపై ఆధారపడి ఉంటుంది. తల్లిదండ్రుల స్థితికంటె బిడ్డలు మెరుగైన స్థితికి చేరగలగడం సామాజిక గతిశీలతకు ఒక ముఖ్య రూపం. ఇందుకు విద్య మొదటి సాధనం. అయితే చదువు ముగిసిన తరువాత మనిషి జీవితంలో అధికభాగం పనిచేసే చోటనే గడుస్తుంది. కనుక విద్య ఎక్కించిన మెట్టుపై మరొక మెట్టు నిర్మించవలసిన బాధ్యత యజమానులది.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు బంగారు వర్తకానికి, చేనేతకు పేరుగాంచింది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరాలలో నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. పులివెందుల సమీపాన తుమ్మలపల్లెలో యురేనియం గని 2012లో పని ప్రారంభించింది. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు కర్మాగారం కోసం 2007, 2018, 2019, 2023 సంవత్సరాలలో శంకుస్థాపనలు జరిగాయి. పరిశ్రమ వస్తున్నదనగానే ఎన్ని ఉద్యోగాలు వస్తాయని అందరూ అడుగుతారు. చేరినవారు పదేళ్ళకు ఏ స్థాయికి చేరగలరన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. భూమినిచ్చిన రైతు కుమారుడు కావలివానిగా చేరి, కావలివానిగానే విరమిస్తే ఆ కుటుంబానికి జీతం దక్కుతుంది గాని ఉన్నతి దక్కదు.

మగ్గం పనిలో ఈ స్థితి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పెట్టుబడిదారు నూలు, నమూనా ఇస్తాడు. నేతగాడు నేసి ఇచ్చి కూలి తీసుకుంటాడు. కండెలు చుట్టిన ఇల్లాలి శ్రమ ఆ కూలిలోనే కలిసిపోతుంది. చీర ఎంతకు అమ్ముడుపోయిందో, ఏ నమూనాకు ఏ ఊరిలో గిరాకీ ఉన్నదో నేతగానికి తెలియకపోతే ఎంత నైపుణ్యమున్నా అతడు కూలివాడుగానే మిగిలిపోతాడు. నమూనాల రూపకల్పన, లెక్కలు, అమ్మకం నేర్పిన యజమాని అతని చేతికి మరొక జీవనమార్గాన్ని అందించినవాడవుతాడు.

ఇందుకు యజమానులు చేయదగిన పనులు ముఖ్యంగా నాలుగు. మొదటిది నియామకం. తెలిసినవారి సిఫారసుతోనే ఖాళీలు నింపితే, సిఫారసు లేని కుటుంబాలకు ద్వారం మూసుకుపోతుంది. ఖాళీల వివరాలను పల్లెలకు, ఐ.టి.ఐ.లకు, కళాశాలలకు తెలియజేయాలి. ఇంగ్లీషు మాట్లాడే తీరును గాక పని చేయగల శక్తిని పరీక్షించాలి.

రెండవది శిక్షణ. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం దీనికి మార్గం చూపింది. 2019లో సవరించిన నియమాలు 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుండి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిర్దేశించాయి.

మూడవది పదోన్నతి. దేనిని సాధిస్తే పై స్థానం లభిస్తుందో వ్రాతపూర్వకంగా అందరికీ తెలియాలి. కాంట్రాక్టు కార్మికులకు కూడ ఆ మార్గం తెరచి ఉండాలి.

నాలుగవది కుటుంబ భద్రత. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలన్నది. బిడ్డను చూసుకునేవారు లేక తల్లి పని మానుకుంటే, ఆమె ఎక్కిన మెట్లన్నీ వ్యర్థమవుతాయి.

ఇవి ఆచరణకు అందని ఆదర్శాలు కావు. జంషెడ్‌పూర్‌లోని టాటా ఉక్కు సంస్థ 1912లో ఎనిమిది గంటల పనిదినాన్ని, 1917లో కార్మికుల పిల్లలకు విద్యా సదుపాయాన్ని, 1920లో భవిష్యనిధిని, 1921లో సాంకేతిక శిక్షణాలయాన్ని ఏర్పాటు చేసింది. వీటిలో పెక్కు సదుపాయాలు చట్టం విధించక ముందే అమలులోకి వచ్చాయి.

శిక్షణ పొందినవాడు వేరొకచోటికి వెళ్ళిపోతాడని కొందరు యజమానులు శంకిస్తారు. కొందరు వెళ్ళవచ్చు. కాని ఎదిగే అవకాశం ఉన్నచోటును విడిచిపోవడానికి మనిషి సులభంగా ఇష్టపడడు. శిక్షణ లేనివాడు శాశ్వతంగా ఉండిపోవడం సంస్థకు అంతకంటె పెద్ద నష్టం.

రాష్ట్ర ప్రభుత్వం 2019లో చేసిన చట్టం పరిశ్రమలలో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలని, తగిన అర్హతలున్నవారు లభించకపోతే మూడేళ్ళలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలని పేర్కొన్నది. చట్టం ద్వారాన్ని చూపగలదు. లోపలి మెట్లను కట్టవలసినవాడు యజమాని. ఆ మెట్లున్నవో లేవో ఉద్యోగంలో చేరేనాడే అడిగి తెలుసుకోవడం యువతరం కర్తవ్యం.