గోడకి అటో ఫ్లాష్.. ఇటో ఫ్లాష్!

మల్టీవర్స్ అంటే మీకు సినిమాలు గుర్తొస్తాయేమో! నాకైతే 1961 నాటి ‘ది ఫ్లాష్’ 123వ సంచిక ముఖచిత్రమే. పైనుంచి ఇనుప దూలం పడబోతోంది, కింద ఓ మనిషి. కాపాడ్డానికి గోడకి అటో ఫ్లాష్, ఇటో ఫ్లాష్ పరుగున వస్తున్నారు. గీసింది కార్మైన్ ఇన్‌ఫాంటినో.

ఒకడు 1956లో వచ్చిన బ్యారీ అలెన్. రెక్కల టోపీవాడు 1940 నాటి జే గారిక్. 1951 తర్వాత జే కథలు ఆగిపోయాయి. కానీ అభిమానం ఆగితేనా! పాత హీరోల్ని తిరిగి తెమ్మని జెర్రీ బెయిల్స్ లాంటివాళ్లు ఎడిటర్‌కి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. జే మళ్లీ వచ్చాడు. అతణ్ని సృష్టించిన గార్డ్‌నర్ ఫాక్సే ఈ కథా రాశాడు.

నాకు బాగా నచ్చిందేంటంటే.. కొత్తవాడొచ్చాడని పాతవాణ్ని కొట్టెయ్యలేదు. వేరే భూమ్మీద బతికే ఉన్నాడన్నారు. చిన్నప్పుడు జేని ప్రేమించినవాళ్లకి అంతకన్నా ఏం కావాలి చెప్పండి!