గిటార్ ప్లగ్ చేస్తే 'జీ...' అంటోందా? కొత్త ఇంటర్‌ఫేస్ కొనే ముందు ఇవి చెక్ చెయ్యండి

శుక్రవారం రాత్రి పదకొండు. ఫ్రెండ్ తీస్తున్న షార్ట్ ఫిల్మ్‌కి నలభై సెకన్ల గిటార్ బిట్ ఇవ్వాలి, సోమవారం పొద్దున్నే ఫైల్ కావాలన్నాడు. కొండాపూర్‌లో మేం అద్దెకుండే ఫ్లాట్‌లో సెటప్ అంతా రెడీ చేసుకున్నా. మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న బడ్జెట్ గిటార్, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్, అందులో ఆంప్ సిమ్యులేటర్. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నానో లేదో, తీగ మీటకముందే పెద్ద గోల. వెనకాల సర్ర్‌మని ఒకటి, దాని మీద జీమని ఇంకొకటి.

మా రూమ్మేట్ సలహా సింపుల్: "ఇంటర్‌ఫేస్ పోయినట్టుంది, కొత్తది కొనేయ్ రా, ఈఎంఐ ఉందిగా." నిజం చెప్పాలంటే కార్ట్‌లో పెట్టేశా కూడా. కానీ ఆఫీసులో ఒక బగ్ వస్తే కోడ్ మొత్తం తిరగరాయం కదా! ఇక్కడ మాత్రం ఎందుకు అనిపించి ఆగా. ఆగడం మంచిదైంది. ఎందుకో చివర్లో చెప్తా.

ముందు ఏ సౌండో గుర్తుపట్టండి

అన్నిటినీ కలిపి 'నాయిస్' అనేస్తే పని జరగదు. వర్షం పడుతున్నట్టు 'సర్ర్' అని వస్తే అది హిస్. దాదాపు ఎప్పుడూ గెయిన్ సంగతే. లోతుగా 'మ్మ్' అని వస్తే హమ్. మన కరెంట్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కాబట్టి ఆ సౌండ్ కూడా 50, 100 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. కాస్త గరుగ్గా 'జీ' అంటే బజ్: చార్జర్, ఫ్యాన్ రెగ్యులేటర్, ఎర్తింగ్ లాంటివి అనుమానించాలి. మౌస్ కదిపినప్పుడల్లా 'కీ' మని మారుతుంటే అది యూఎస్‌బీ దారిలో ల్యాప్‌టాప్ నుంచి వస్తోంది. కేబుల్ కదిపితే 'టక్ టక్' అంటే జాక్ లేదా కేబుల్ వదులైనట్టే.

సగానికి సగం కొట్టేయండి

గిట్ బైసెక్ట్ వాడినవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు. గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్ సున్నాకి తిప్పండి. నాయిస్ పోతే అది పికప్‌ల వైపు నుంచి వస్తోంది. అలాగే ఉంటే తప్పు కేబుల్ దగ్గర్నుంచి తర్వాత ఎక్కడో ఉంది. తర్వాత కేబుల్ మార్చి చూడండి, పెడల్స్ ఉంటే అన్నీ తీసేసి గిటార్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌కి పెట్టి చూడండి, ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో తెలీదు.

నా దగ్గర తేలింది: వాల్యూమ్ సున్నా చేస్తే హమ్ పోయింది, హిస్ ఉంది, జీ కొంచెం తగ్గింది. చార్జర్ తీస్తే జీ పూర్తిగా మాయం. అంటే ఒక బగ్ కాదు, మూడు.

హిస్: తప్పు నాదే

ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కలేదు, ఇన్‌పుట్ లైన్ మోడ్‌లో ఉంది. సిగ్నల్ బలహీనంగా వస్తోందని సాఫ్ట్‌వేర్‌లో గెయిన్ ఎడాపెడా పెంచేశా. 20 డెసిబెల్స్ గెయిన్ అంటే వోల్టేజ్ పది రెట్లు. గిటార్‌తో పాటు హిస్ కూడా అంతే పెరుగుతుంది. బటన్ నొక్కి, గట్టిగా వాయించినప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర ఆగేలా గెయిన్ సెట్ చేసి, ఆంప్ సిమ్యులేటర్‌లో డిస్టార్షన్ తగ్గించా. సగం గోల అక్కడే పోయింది. నాయిస్ గేట్ చివర్లో వాడండి, మొదట్లో కాదు. అది మీరు వాయించని సమయంలో మాత్రమే నోరు మూయిస్తుంది. వాయిస్తున్నప్పుడు నాయిస్ అలాగే ఉంటుంది, ఎక్కువ పెడితే నోట్ తోక కూడా కత్తిరించేస్తుంది.

హమ్: సింగిల్ కాయిల్ స్వభావం

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్ల సన్నటి తీగ. తీగల కదలికతో పాటు గదిలో ఉన్న అయస్కాంత క్షేత్రాన్నీ పట్టేస్తుంది. ఈ తలనొప్పికే 1955లో గిబ్సన్‌లో సేత్ లవర్ హంబకర్ తయారుచేశాడు. రెండు కాయిల్స్‌ని ఎదురెదురు దిశల్లో చుట్టి, అయస్కాంతాల్ని కూడా తిరగేస్తే హమ్ ఒకదానితో ఒకటి రద్దవుతుంది, తీగల సిగ్నల్ మాత్రం కలుస్తుంది.

హంబకర్ లేకపోయినా ఫ్రీగా చేసేవి ఉన్నాయి. అయిదు పొజిషన్ల స్విచ్ ఉన్న చాలా గిటార్లలో 2, 4 పొజిషన్లలో హమ్ బాగా తగ్గుతుంది. మానిటర్‌కి, అడాప్టర్లకి దూరంగా జరిగి, కుర్చీలోనే మెల్లగా తిరిగి చూడండి. ఒక దిశలో హమ్ దాదాపు పోతుంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చుని రికార్డ్ చేశా. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంటే ఆ కాసేపు ఫ్యాన్ కట్టేయండి.

జీ: ఇది మాత్రం సీరియస్

చార్జర్ పెట్టి ఉన్నప్పుడు తీగల మీద చెయ్యి వేస్తే జిల్లుమంటోందని నాకు ముందే తెలుసు. పట్టించుకోలేదు. ల్యాప్‌టాప్ చార్జర్‌లో ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా కొద్దిపాటి కరెంట్ లీకవడం మామూలే. మూడు పిన్నుల చార్జర్లో ఆ లీకేజీ ఎర్త్ పిన్ దారిలో పోవాలి. ఎర్త్ లేకపోతే? ల్యాప్‌టాప్, యూఎస్‌బీ, ఇంటర్‌ఫేస్, కేబుల్ షీల్డ్, బ్రిడ్జ్, తీగలు, చివరికి నేను! ఇదంతా ఒకే వైరు లాంటిది.

"ఎర్త్ పిన్ విరగ్గొట్టేయ్, నాయిస్ పోద్ది" అని ఒకడు చెప్పాడు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యొద్దు. 1972 మేలో స్టోన్ ద క్రోస్ గిటారిస్ట్ లెస్ హార్వే స్వాన్సీలో స్టేజి మీద ఎర్తింగ్ సరిగా లేని మైక్ ముట్టుకుని షాక్ కొట్టి చనిపోయాడు. నాయిస్ తగ్గించుకోవడానికి ఎర్త్ తీసేయడమంటే సీట్ బెల్ట్ అలారం గోల చేస్తోందని బెల్టే కోసేయడం.

శనివారం ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ బల్బ్ పెట్టాడు, వెలగలేదు. బోర్డు విప్పితే ఎర్త్ వైరు సాకెట్‌కి తగిలించకుండా వెనక్కి మడిచి పెట్టి ఉంది. "ఈ లైన్‌లో ఇంకేం ఉన్నాయి?" అన్నాడు. బాత్రూమ్ వైపు చూశా. గీజర్. దాని సాకెట్‌కీ ఎర్త్ లేదు. రెండేళ్లుగా రోజూ పొద్దున్న ఇద్దరం ఆ గీజర్ నీళ్లతోనే స్నానం చేస్తున్నాం. కాసేపు రూమ్మేట్, నేను ఏం మాట్లాడుకోలేదు. ఓనర్ అంకుల్‌కి ఫోన్ చేస్తే ఆయనే వచ్చి, అన్ని గదుల్లోనూ చెక్ చేయించి డబ్బులిచ్చారు.

ఎర్త్ వచ్చాక చార్జర్ పెట్టినా జిల్లుమనలేదు, జీ కూడా లేదు. ఆదివారం నాలుగు టేకుల్లో బిట్ అయిపోయింది. ఇంటర్‌ఫేస్ అదే పాతది, కార్ట్ ఖాళీ.

మీ సెటప్‌లోనూ ఇదే వరసలో వెళ్లండి: సౌండ్ గుర్తుపట్టడం, వాల్యూమ్ సున్నా, కేబుల్, ఇన్‌స్ట్రుమెంట్ బటన్, గెయిన్, చార్జర్. తీగలు పట్టుకుంటే బజ్ కొంచెం తగ్గడం మామూలే. అదే చెయ్యి జిల్లుమంటే మాత్రం గిటార్ పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. బోర్డు మీరే విప్పకండి. రికార్డింగ్ రేపైనా చేసుకోవచ్చు.